మా హాల్లో ఆస్థాన విద్వాంసుడు

లేచి పదడుగులు వేయడానికి బద్ధకించినవాడు, ఆ పదడుగులు తప్పించుకోవడం కోసం నెలల తరబడి ఇల్లంతా కాళ్ళరిగేట్టు తిరిగితే వాణ్ణి ఏమనాలి? మా ఆవిడ దగ్గర తయారుగా ఒక మాట ఉంది గానీ అది అచ్చులో వేసేది కాదు. అందుకని నా తెలివితక్కువతనాన్ని నా మాటల్లోనే చెప్పుకుంటున్నాను. ఇంట్లో నాకు మిగిలిన స్వాతంత్ర్యం ఇదొక్కటే.

మా హాల్లో టీవీ బల్ల కింది అరలో ఒక ఆంప్లిఫయర్ ఉంది. కంపెనీది కాదు, అసెంబుల్డ్. చాలా ఏళ్ళ కిందట కోఠి గుజరాతీ గల్లీలో కట్టించుకున్నాను. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటుంది. అయినా ఘంటసాల గొంతు అందులోంచి వచ్చినట్టు మరి దేంట్లోంచీ రాదని నా నమ్మకం. క్యాసెట్లు పోయి, సీడీలు పోయి, పాటలన్నీ ఫోన్లోకి చేరాక పాపం దానికి పని లేకుండా పోయింది. ఈలోగా నేను కొత్త ఫోన్ కొన్నాను. పాతదాన్ని ఎక్స్చేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంటే, అద్దం మీద గీత పడిందని వాళ్ళు చెప్పిన ధర విని ఒళ్ళు మండి ఇవ్వలేదు. పైగా పాతదానికి ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రం ఉంది, కొత్తదానికి లేదు. ఒక చివర ఒకే పిన్ను, రెండో చివర ఎర్రదీ తెల్లదీ రెండు పిన్నులున్న వైరు తెచ్చి పాత ఫోన్‌ని ఆంప్లిఫయర్‌కి తగిలించాను. పాడింది. బ్రహ్మాండంగా పాడింది. ఆ మురిపెంలో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి దాని పేరు ‘ఆస్థాన విద్వాంసుడు’ అని మార్చాను. అక్కడితో ఆగి ఉంటే ఇవాళ రాయడానికేమీ ఉండేది కాదు.

నేను కూర్చునేది బాల్కనీలో, పడక్కుర్చీలో. విద్వాంసుడు ఉండేది హాల్లో. పాట మార్చాలంటే లేవాలి. నా చేతిలో ఉన్నదీ ఫోనే, అక్కడున్నదీ ఫోనే. దీంతో దాన్ని ఆడించలేనా అనిపించింది. ఈ కోరిక లోకంలో నాకొక్కడికే పుట్టింది కాదు. 2008 జూలైలో ఆపిల్ వాళ్ళు యాప్ స్టోర్ తెరిచినప్పుడే ‘రిమోట్’ అని ఒక యాప్ పెట్టారు. చేతిలో ఐఫోన్ పట్టుకుని, ఇంటి వైఫై మీదుగా కంప్యూటర్లోని ఐట్యూన్స్ పాటలు మార్చుకునే ఏర్పాటు అది. ఈ సంగతి మా ఆవిడతో అంటే, "వాళ్ళకది ఉద్యోగమండీ" అంది.

నిజానికి దీనికి విరుగుడు నాకు మొదటిరోజే దొరికింది. వైరు అమ్మిన కోఠి కుర్రాడే ఓ చిన్న డబ్బా తీసి చూపించాడు. "ఇది ఆంప్లిఫయర్ ఎనక పెట్టుకో సార్, బ్లూటూత్ రిసీవర్. మీ కొత్త ఫోన్ల పాట ఏస్తే డైరెక్ట్ వస్తది. పాత ఫోనెందుకు మధ్యల?" అన్నాడు. నేను జాలిగా నవ్వాను. "బ్లూటూత్‌లో పాటని కుదించి పంపుతారు బాబూ, క్వాలిటీ దెబ్బతింటుంది" అని అక్కడే నిలబెట్టి క్లాసు పీకాను. నేను చెప్పింది అబద్ధమేమీ కాదు. మామూలు బ్లూటూత్ పాటను ఉన్నదున్నట్టు మోయదు, కొంత నలిపే పంపుతుంది. కాకపోతే నా ఫోన్లో ఉన్నవి ఎవరో మహానుభావుడు క్యాసెట్ల నుంచి ఎక్కించిన 128 కేబీపీఎస్ ఎంపీత్రీలు. వాటిలో కొత్తగా దెబ్బతినడానికి మిగిలింది క్యాసెట్ తిరిగే చప్పుడే. "అట్లనే సార్" అని కుర్రాడు డబ్బా లోపల పెట్టేశాడు. వెనకాల ఇంకో గిరాకీ నిలబడి ఉన్నాడు లెండి.

క్వాలిటీ కోసం బ్లూటూత్ వద్దన్న ఆ పెద్దమనిషి ఇంటికొచ్చి మొట్టమొదట చేసిన పని, రెండు ఫోన్లనీ బ్లూటూత్‌తో కలపడం. పాట వెళ్ళక్కర్లేదు, నా ఆజ్ఞలు వెళ్తే చాలు కదా అని. రెండూ ‘పెయిర్డ్’ అన్నాయి. ఆ తర్వాత మౌనం. నేను ఎన్ని నొక్కినా విద్వాంసుడు ఉలకలేదు, పలకలేదు.

ఎందుకో తర్వాత తెలిసింది. బ్లూటూత్‌లో పాటను మోయడానికి ఏటూడీపీ అని ఒక పద్ధతి ఉంది. అందులో పంపేది ఒకటి, అందుకునేది ఒకటి. ఫోను మామూలుగా పంపే జాతి. స్పీకరు, హెడ్‌సెట్టు, కారులో స్టీరియో అందుకునే జాతి. ‘ఆపు’, ‘తర్వాతది వెయ్యి’ అని ఆజ్ఞ ఇవ్వడానికి ఏవీఆర్‌సీపీ అని ఇంకో పద్ధతి ఉంది. విచిత్రమేమిటంటే, పాటల విషయంలో ఆ ఆజ్ఞలిచ్చే పని సాధారణంగా అందుకునేవాళ్ళది. చెవిలో హెడ్‌సెట్ మీద బటన్ నొక్కితే జేబులో ఫోన్ వింటుంది చూడండి, అదన్నమాట. నేను రెండు ఫోన్లని కలిపి కూర్చోబెట్టాను. ఇద్దరూ వడ్డించేవాళ్ళే, విస్తరి ముందు కూర్చున్నవాడు లేడు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక ఫోన్ బ్లూటూత్ కీబోర్డు వేషం వేసుకుని ఇంకో ఫోన్ మీద మీటలు నొక్కడానికి దారి ఉందట. ఆ సంగతి మా అబ్బాయి చెప్పేసరికి నేను వైఫైలో పీకల్దాకా మునిగి ఉన్నాను.

వైఫైలో ఈ పనికి ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. 2003లో సోనీ, ఇంటెల్ లాంటి కంపెనీలు కలిసి మొదలుపెట్టిన డీఎల్‌ఎన్‌ఏ అనే సంఘం పేరు టీవీ డబ్బాల మీద చూసే ఉంటారు. అందులో మూడు పాత్రలు. పాటలు దాచుకున్నది ఒకటి, వాయించేది ఒకటి, ఏది వాయించాలో చెప్పేది ఒకటి. ఈ మూడోది పాటను తాకనైనా తాకదు. ‘ఫలానా పాట ఫలానా చోట ఉంది, వెళ్ళి తెచ్చుకో’ అని చిరునామా ఇచ్చి ఊరుకుంటుంది. ఆ పాత్ర గురించి చదవగానే నన్ను చూసే రాశారనిపించింది. ఇంట్లో ఏ పనికీ చెయ్యి తగిలించకుండా ఎవరేం చేయాలో చెప్పడం నాకు కొత్తేమీ కాదు.

అలాంటి యాప్ ఒకటి రెండు ఫోన్లలోనూ ఎక్కించాను. నా చేతిలోని ఫోన్ 239.255.255.250 అనే ఉమ్మడి చిరునామాకి ‘ఈ ఇంట్లో వాయించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా’ అని ఒక కేక పెడుతుంది. ఉన్నవాళ్ళు పలకాలి. మా ఇంట్లో ఎవరూ పలకలేదు. రౌటర్ ఆపి మళ్ళీ వేశాను. షోకేసు మీంచి తీసి ఫ్రిజ్ మీద పెట్టాను. ఇంటర్నెట్ అబ్బాయికి ఫోన్ చేసి, మీ సిగ్నల్ గోడ దాటడం లేదని కసిరాను. పాపం వచ్చి చూసి, "అంతా బానే ఉంది సార్" అని వెళ్ళాడు. వాడికేం తెలుసని సణుక్కున్నాను.

సెలవులకి ఇంటికొచ్చిన మా అబ్బాయి రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి ఓ చూపు చూసి, "నాన్నా, పాతది గెస్ట్ వైఫైలో ఉంది" అన్నాడు.

ఇంటికొచ్చే చుట్టాలకి అసలు పాస్‌వర్డ్ చెప్పడం ఇష్టం లేక నేనే పెట్టిన గెస్ట్ నెట్‌వర్క్ అది. అందులో చేరిన పరికరానికి ఇంటర్నెట్ వస్తుంది గానీ ఇంట్లోని మిగతా పరికరాలు కనబడవు. కనబడకూడదనే కదా పెట్టింది! ఆస్థాన విద్వాంసుణ్ణి చుట్టపుచూపుగా వరండాలో కూర్చోబెట్టి, లోపల్నుంచి పిలిస్తే పలకడం లేదని అలిగినవాణ్ణి నేను.

అసలు వైఫైలోకి మార్చాక పలికాడు. రెండు పాటలు పాడి నిద్రపోయాడు. బ్యాటరీ ఆదా చేయడానికి, తెర ఆరిన కాసేపటికి వెనకాల నడుస్తున్న యాప్‌లని ఫోనే ఆపేస్తుందట. నేను బాల్కనీలోంచి లేచి, హాల్లోకి వెళ్ళి, విద్వాంసుణ్ణి తట్టి లేపి, మళ్ళీ బాల్కనీలోకి వచ్చి, కూర్చుని, పాట మార్చేవాణ్ణి. కొన్నాళ్ళు చూసి మా ఆవిడ, "లేపడానికి వెళ్ళినప్పుడే పాట కూడా మార్చి రావచ్చు కదండీ" అంది.

"అప్పుడిక రిమోట్ ఎందుకు?" అన్నాను. నిజంగానే అన్నాను, వేళాకోళానికి కాదు.

ఇంకో తంటా కూడా ఉంది. నేను నొక్కిన క్షణానికి పాట మారదు, కాస్త తటపటాయిస్తుంది. బాల్కనీ కింద ఆటోల మోతలో హాల్లో ఏం పాడుతోందో నాకు సరిగ్గా వినబడదు. మారలేదేమోనని మళ్ళీ నొక్కేవాణ్ణి. అక్కడ సుశీల పల్లవి ఎత్తుకుని ఆగిపోయేది, బాలు అందుకుని ఆగిపోయేవాడు, ఇంకెవరో మొదలుపెట్టేవారు. "ఏదో ఒకటి ఉంచండి మహాప్రభో!" అని వంటింట్లోంచి కేక వచ్చేది. వినేది ఆవిడ, నొక్కేది నేను. ఈ ఏర్పాటులో ఉన్న తిరకాసు అప్పుడే బుర్రకెక్కాల్సింది.

ఆ రోజుల్లో రిమోట్ల చరిత్ర మీద పడ్డాను. మూర్ఖత్వానికి కాస్త చదువు తోడైతే దాని అందమే వేరు. అమెరికాలో జెనిత్ కంపెనీ 1955లో ఫ్లాష్‌మ్యాటిక్ అని ఒక రిమోట్ తెచ్చింది. యూజీన్ పోలీ అనే ఇంజనీరు తయారుచేశాడు. టీవీ నాలుగు మూలలా నాలుగు కాంతి కళ్ళుంటాయి, వాటి మీద టార్చి వేస్తే ఛానెల్ మారుతుంది, మాట ఆగుతుంది. బానే ఉంది గానీ ఎండ పడితే కూడా మారేది. మరుసటి ఏడాది రాబర్ట్ ఆడ్లర్ అదే కంపెనీలో స్పేస్ కమాండ్ తెచ్చాడు. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. మీట నొక్కితే లోపల చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొడుతుంది, మనిషి చెవికి అందని శబ్దం పుడుతుంది, టీవీ వింటుంది. తాళాలగుత్తి గలగలమన్నా ఒక్కోసారి ఛానెల్ మారిపోయేదని చెబుతారు. ఆ తర్వాత ఇన్‌ఫ్రారెడ్ వచ్చింది, ఈనాటికీ మన టీవీ రిమోట్లలో ఎక్కువ భాగం అదే.

వీటన్నిటికీ ఒక కట్టుబాటు ఉంది. టార్చి వెలుగూ గోడ దాటదు, ఇన్‌ఫ్రారెడ్డూ గోడ దాటదు. నొక్కేవాడు ఆ గదిలోనే ఉండి తీరాలి. తన చేతి పని తన కంటికీ చెవికీ తెలుస్తుంది. దాన్ని నేను లోపం అనుకున్నాను. బ్లూటూత్ పది మీటర్లు పోతుంది, వైఫై ఇల్లంతా పోతుంది, ఇంకా ఎంత దూరం పోవచ్చు అన్నదే నా ధ్యాస.

ఎంత దూరమైనా పోవచ్చు. స్పాటిఫై వాళ్ళు 2013లో ‘కనెక్ట్’ పేరుతో ఒక ఏర్పాటు తెచ్చారు. అలాంటివి తర్వాత ఇంకొన్ని వచ్చాయి. రెండు ఫోన్లలోనూ ఒకే ఖాతా తెరిస్తే చాలు, ఒకదాంట్లో నొక్కితే రెండోదాంట్లో పాడుతుంది. ఆజ్ఞ ఇంటర్నెట్ మీద కంపెనీ సర్వర్‌కి పోయి, అక్కణ్ణుంచి రెండో ఫోన్‌కి చేరుతుంది. పాటను ఆ రెండో ఫోనే తిన్నగా దింపుకుంటుంది. రెండూ ఒకే వైఫైలో ఉండాలనే పట్టింపు కూడా లేదు. నేను వాడిన యాప్ పేరు చెప్పను, దాని తప్పు ఆవగింజంత కూడా లేదు. బ్యాటరీ ఆదా నుంచి ఆ యాప్‌కి మినహాయింపు ఇచ్చి, పాత ఫోన్‌ని ఛార్జర్‌కి అంటిపెట్టి ఉంచాను. విద్వాంసుడు నిద్ర మానేశాడు. ఆఫీసు క్యాంటీన్లో కూర్చుని కూకట్‌పల్లిలో మా హాల్లో పాట వేసి, మా ఆవిడకి ఫోన్ చేసి "వినబడుతోందా?" అని అడిగాను. "ఆపండి, నిద్రపోతున్నాను" అంది. నా ఆనందానికి అవధుల్లేవు.

మా అపార్ట్‌మెంట్లో ఆడవాళ్ళు శుక్రవారం సాయంత్రాలు ఒక్కో వారం ఒక్కో ఇంట్లో లలితా సహస్రనామ పారాయణం చేసుకుంటారు. ఆ వారం మా ఇంటి వంతు. అలాంటి రోజున ఆలస్యంగా రావడం మగవాళ్ళ మర్యాద కాబట్టి నేను ఆఫీసులో కాసేపు కాలక్షేపం చేసి అమీర్‌పేటలో మెట్రో ఎక్కాను. నిలబడటానికే చోటు లేదు. ఇయర్‌ఫోన్లు చెవుల్లో దోపుకుని, ప్రయాణం కోసం కట్టుకున్న జాబితా ఒకటి తెరిచాను. దాని పేరు ‘ఆఫీసు’. అందులో ఉండేవి అన్నీ ఎల్.ఆర్. ఈశ్వరి క్లబ్బు పాటలు.

ప్లే నొక్కాను. వినబడలేదు. రైలు హోరు అనుకుని సౌండ్ పెంచాను. గీత ముందుకు జరుగుతోంది, నిమిషాలు సెకన్లు కదులుతున్నాయి, చెవిలో మాత్రం చప్పుడు లేదు. ఇంకా పెంచాను. ఎర్రగడ్డ దగ్గర చివరిదాకా పెంచాను. పాటలో లోపమేమోనని తర్వాతది వేశాను. ఉన్నట్టుండి అదంతట అదే ఆగిపోయింది. నేను మళ్ళీ వేశాను. మళ్ళీ ఆగింది. నెట్‌వర్క్‌ని తిట్టుకుంటూ మళ్ళీ వేశాను. ఇలా భరత్‌నగర్ దాటేదాకా అది ఆగడం, నేను వేయడం.

అవతల జరిగింది నాకు రాత్రి తెలిసింది. అమ్మవారి పటం పెట్టడానికి మా ఆవిడకి టీవీ బల్లే అనువుగా కనిపించింది. పట్టుచీర పరిచి, చీర కుచ్చిళ్ళు ఆంప్లిఫయర్ కనబడకుండా కిందికి జార్చి, పటం పెట్టి, దీపాలు వెలిగించారు. వెయ్యి నామాల్లో సగం దాటి ఉంటారు. సరిగ్గా పటం కిందనుంచి ఎల్.ఆర్. ఈశ్వరి నవ్వు వినిపించింది. తర్వాత డ్రమ్ములు. మా ఆవిడ దీపాల మధ్యనుంచి చీర కిందికి చెయ్యి పెట్టి, తడుముకుని ఫోన్ పట్టుకుని, తెర మీద కనబడిన గుర్తు నొక్కి ఆపింది. ఊపిరి పీల్చుకుని మరో నామం అందుకునేలోగా మళ్ళీ మొదలైంది. ఆవిడ ఆపుతోంది, నేను వేస్తున్నాను. నా ఖాతా మీద ఒకే పాటని ఇద్దరం రెండు చోట్లనుంచి నొక్కుతున్నాం. వాళ్ళకి మాత్రం ఆ ఫోన్‌కి ఏదో పట్టిందనిపించిందట. చివరికి మూడో అంతస్తు మామ్మగారు, పుస్తకం మూయకుండానే లేచి, సోఫా వెనక గోడకున్న ప్లగ్గు పీకేశారు.

అప్పుడు మా ఆవిడ నాకు ఫోన్ చేసింది. రైల్లో అంతమంది మధ్య చిరాగ్గా ఎత్తాను.

"తర్వాత మాట్లాడతా. ఫోన్ పాడైనట్టుంది, సౌండే రావడం లేదు."

"ఎందుకు రావడం లేదండీ, దివ్యంగా వస్తోంది. ఇక్కడ."

అప్పుడు చూశాను తెర అడుగున. చిన్న ఆకుపచ్చ అక్షరాల్లో, పొద్దున నేను ఇంట్లో వదిలి వచ్చినప్పటినుంచీ అలాగే ఉంది: ఆస్థాన విద్వాంసుడు.

కూకట్‌పల్లిలో దిగినవాణ్ణి ఇంటికి వెళ్ళకుండా కిందనే ఇరానీ హోటల్లో రెండు టీలు తాగాను. నేను వెళ్ళేసరికి కూడా పారాయణం కాలేదు. ఏ నామం దగ్గర ఆగారో ఒక్కరికీ గుర్తులేదట. తర్జనభర్జనలయ్యాక ధ్యానశ్లోకం నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. పిల్లల్ని ట్యూషన్ నుంచి తెచ్చుకోవాల్సినవాళ్ళు ఇద్దరు గడియారం చూసుకుంటూ చదువుతున్నారు. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే లోపల చదువుతున్న గొంతులు ఒక్క క్షణం తడబడ్డాయి. నేను తలొంచుకుని పడగ్గదిలోకి పోయాను.

మామ్మగారు నన్ను తిట్టలేదు. ఆవిడ చాలాకాలం మద్రాసులో ఉండి వచ్చారు. ప్రసాదం ఇవ్వడానికి పిలిచి, "ఈశ్వరి గొంతని నేను వెంటనే పట్టేశానయ్యా. తమిళంలో ఆవిడ అమ్మవారి పాటలు ఎన్ని పాడిందో నీకు తెలుసా? ఆడిమాసం వస్తే వీధివీధికీ మైకు కట్టి అవే వేస్తారు. నువ్వు వేసినవి వేరే, అంతే" అన్నారు. నాకు తెలియదు. ఆవిడ పాటలన్నీ నాకు కంఠతా వచ్చనుకునేవాణ్ణి.

మా ఆవిడ కూడా పెద్దగా ఏమీ అనలేదు, అదే నన్ను కంగారు పెట్టింది. రెండు రోజులు పోయాక తన ఫోన్లో ఆ యాప్ పెట్టమంది. పెట్టాను. ఖాతా ఒకటే కాబట్టి నేను ఎక్కడ ఏ పాట వింటున్నానో తనకిప్పుడు తెలుస్తుంది. మీటింగులో ఉన్నానని చెప్పిన మధ్యాహ్నం, "మీ మీటింగులో జిక్కి బాగా పాడుతోంది" అని మెసేజ్ వచ్చింది. ఒక ఖాతాకి ఒకచోటే పాట కాబట్టి, తను వంటింట్లో సుప్రభాతం పెట్టుకుంటే మెట్రోలో నా పాట ఆగిపోతుంది. అప్పుడు నేను మళ్ళీ నొక్కను. నొక్కితే వంటింట్లో ఆగుతుంది, ఆ తర్వాతి కథ నాకు తెలుసు. కోఠి వెళ్ళి ఆ రిసీవర్ డబ్బా తెచ్చాను కూడా. అది చక్కగా పనిచేస్తోంది. క్వాలిటీలో తేడా నా చెవికి దొరకలేదు.

పారాయణం వంతు మళ్ళీ మా ఇంటికి వచ్చినప్పుడు మామ్మగారు కొత్త నియమం పెట్టారు. చివర హారతి సమయంలో ఈశ్వరి పాడిన అమ్మవారి పాట ఒకటి వేయాలి, వేసే బాధ్యత నాది. అయితే ఆఫీసులోంచి కాదు, బాల్కనీలోంచీ కాదు. హాల్లోనే, ఆంప్లిఫయర్ పక్కనే నిలబడి, వేలితో నొక్కాలి, వేలితోనే ఆపాలి. పారాయణం మొదలయ్యేముందు నా ఫోన్ తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెడుతున్నారు. ప్రసాదం మాత్రం అందరికంటే ముందు నాకే, రెండు చేతుల్లోనూ పెడుతున్నారు. చేతులు ఖాళీగా ఉంటే ఏదో ఒకటి నొక్కుతానని వాళ్ళ భయం.